చీకటి దేశాల గాజు ప్రమిదలు

కార్తీకం వచ్చిందంటే మన ఇటిక్యాలకు దగ్గర్లోని బీచుపల్లిలో కృష్ణమ్మ ఒడ్డు దీపాలతో నిండిపోతుంది. నదీస్నానం చేసి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, వత్తి వెలిగించి వెళ్తారు మన ఆడపడుచులు. చలికాలం ముదిరేసరికి ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో ఇంటింటి కిటికీలోనూ దీపమే. మనది మట్టి ప్రమిద, వాళ్లది గాజు కొవ్వొత్తి స్టాండు. అరచేతిలో ఇమిడే ఆ చిన్న వస్తువు కోసం ఆ దేశాలు తమ మేటి కళాకారులను కొలిమి దగ్గరికి తీసుకొచ్చాయి. సామాన్యుడి ఇంటి దీపానికి అంత మర్యాద దక్కిన తీరు మనం తెలుసుకోదగ్గది.

పొద్దు పొడవని రోజులు

డిసెంబరు చివర్లో కూడా ఇటిక్యాలలో పగలు 11 గంటలు ఉంటుంది. హెల్సింకీలో ఆరు గంటలైనా ఉండదు. మధ్యాహ్నం మూడు దాటగానే పొద్దు కుంకుతుంది. ఫిన్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న ఉట్స్‌యోకిలోనైతే దాదాపు 50 రోజులు సూర్యుడే కనిపించడు. అలాంటి చోట దీపం పండుగకు మాత్రమే పరిమితం కాదు, బతుకులో భాగం. ఫిన్లాండ్ స్వాతంత్ర్య దినమైన డిసెంబరు 6న సాయంత్రం ఆరింటికి కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించడం అక్కడి ఆనవాయితీ. 13న స్వీడన్‌లో లూసియా పండుగ. ఆ రోజు తెల్లని దుస్తులు వేసుకున్న అమ్మాయి తలపై కొవ్వొత్తుల కిరీటంతో నడుస్తుంది.

అడవిని నమ్ముకున్న కొలిమి

గాజు కరగాలంటే వెయ్యి డిగ్రీలకు పైగా వేడి కావాలి. పాత కాలంలో అంత వేడికి ఆధారం కట్టెలే. దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ నిండా అడవులు ఉండడంతో గాజు కొలుములు అక్కడ వెలిశాయి. వాటిలో పేరున్న కోస్టా 1742లో మొదలైంది. ఫిన్లాండ్‌లో 1793లో నూటాయార్వి, 1881లో ఇట్టాల కార్ఖానాలు పుట్టాయి.

ఈ కొలుములకు కొత్త చూపు వచ్చింది మాత్రం 20వ శతాబ్దంలోనే. స్వీడన్‌లోని ఓరెఫోర్స్ కార్ఖానా 1916లో సీమోన్ గాటేను, 1917లో ఎడ్వర్డ్ హాల్డ్‌ను పనిలోకి తీసుకుంది. ఇద్దరూ చిత్రకళ నేర్చినవాళ్లే. గాజు ఊదే పనివాడి పక్కనే నిలబడి వాళ్లు రూపాలు గీశారు. 1919లో గ్రెగర్ పాల్సన్ అనే విమర్శకుడు, రోజూ వాడే వస్తువులు మరింత అందంగా ఉండాలని వాదిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అందం డబ్బున్నవాళ్ల బీరువాల్లోనే ఉండిపోకూడదు, కూలివాడి బల్ల మీదికీ రావాలి అన్నదే ఆ వాదన సారం. ఈ ఉత్తర దేశాల గాజు కళకు వెన్నెముక ఇదే.

కాలిన అచ్చు, కప్పిన అతుకు

ఇట్టాల కళాకారుడు తిమో సర్పనేవా 1960లలో కొయ్య అచ్చుల్లోకి కరిగిన గాజును ఊదించాడు. నీళ్లలో నానిన అచ్చు కూడా ఆ వేడికి లోపల కాలుతుంది. కాలిన కొయ్య గరుకుదనం గాజు మీద పడుతుంది. మరొకరైతే దాన్ని లోపమనుకుని అచ్చు మార్చేవారు. సర్పనేవా దాన్నే అందంగా నిలబెట్టాడు. చెట్టు బెరడునూ మంచు పెచ్చులనూ తలపించే ఆ గరుకు గాజుతోనే 1966లో ఫెస్టివో కొవ్వొత్తి స్టాండు వచ్చింది. ఒకదానిపై ఒకటి పేర్చిన గాజు వలయాలే దాని కాడ.

గాజు కళాకారుడు ఓయివా తోయిక్కా కథా ఇలాంటిదే. గాజును అచ్చులో నొక్కి పళ్లెం చేస్తే అతుకు గీత కనిపించేది. ఆ గీతను మరుగుపరచడానికి ఆయన వరుసలు వరుసలుగా గాజు బొట్లు పెట్టాడు. అలా 1964లో కాస్టెహెల్మి పళ్లెం తయారైంది. ఆ బొట్ల వరస తర్వాత దీపపు గిన్నెల మీదికీ వచ్చింది. లోపల మంట కదిలితే ప్రతి బొట్టులోనూ వెలుగు కదులుతుంది.

స్వీడన్ పిల్లలు మంచు ఉండలను గోపురంలా పేర్చి మధ్యలో కొవ్వొత్తి పెట్టి ఆడుకుంటారు. ఆ ఆటనే ఆన్ వెర్ఫ్ అనే కళాకారిణి 1973లో కోస్టా బోడా కార్ఖానా కోసం గాజు దీపంలోకి దించింది. హేక్కి ఓర్వోలా 1988లో చేసిన కివి అనే దీపపు గిన్నె ఇంకా సాదాది. అందులో దళసరి గాజు, దాని రంగు తప్ప మరే అలంకారమూ లేదు. బడికి వెళ్లే పిల్ల తన పాకెట్ మనీతో కొని అమ్మకు ఇవ్వదగ్గ కానుక అది.

నూటాయార్విలో పాతికేళ్లు పనిచేసిన కాయ్ ఫ్రాంక్ మరో మెట్టు ఎక్కాడు. ఒక వస్తువు వెనక ఎందరో పనివాళ్ల చెమట ఉంటుంది, దాని మీద కళాకారుడి పేరొక్కటే వేయడం సరికాదన్నాడు.

మన ప్రమిద సంగతి

పేరు లేని కళాకారులు మనకు కొత్త కాదు. ప్రమిద అంచును కుమ్మరి బొటనవేలితో నొక్కి మూతి తీస్తాడు. వత్తి జారకుండా నిలిచేది ఆ నొక్కు వల్లే. తోయిక్కా బొట్టుకు ఉన్న తెలివే ఈ నొక్కులోనూ ఉంది. జనగామ జిల్లా పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడి రేకును సుత్తి దెబ్బలతో మలిచి దీపాలూ కలశాలూ చేస్తారు. కాకతీయుల నాటి నుంచి నిలిచిన ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మనకు నైపుణ్యం కొరవడలేదు. చిత్రకళ చదివిన పిల్లలు కొలిమి దగ్గరికి వెళ్లే దారి లేదు, అంతే. ఓరెఫోర్స్ వందేళ్ల కింద చేసిన పనిని మన కళాశాలలు ఇప్పుడైనా చేయవచ్చు. విద్యార్థులను ఏటా కొన్ని నెలలు పెంబర్తికీ, కుమ్మరి వాడలకూ పంపాలి. వాళ్లు గీసిన దీపం ధర కూలి చేసుకునే ఇల్లాలికి అందుబాటులో ఉండాలి.

అంతవరకూ చేయదగ్గది మన చేతుల్లోనే ఉంది. ఈ కార్తీకానికి వాడి పారేసే రేకు గిన్నెల దీపాలు మానుకుని, ఊరి కుమ్మరి చేసిన ప్రమిదలే కొనండి. కొన్న చోట చేసినవారి పేరు అడగండి, ఆ పేరు మీ పిల్లలకు చెప్పండి.