రైలు ఆగని దేశంలో ఒక పగలు

జ్యూరిక్ నుండి వియన్నాకు పోయే వేగవంతమైన రైలు ఒక దేశాన్ని ఎక్కడా ఆగకుండానే దాటిపోతుంది. స్విట్జర్లాండు సరిహద్దులోని బుక్స్ స్టేషన్‌లో దిశ మార్చుకుని, రైన్ నది వంతెన మీదుగా సాగి, పావుగంటలో ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్ఖ్ చేరుకుంటుంది. నడుమ ఉన్నదే లీచ్టెన్‌స్టెయిన్. వైశాల్యం 160 చదరపు కిలోమీటర్లు. మన హైదరాబాదు మహానగరంలో నాలుగో వంతు కూడా ఉండదు. జనాభా సుమారు 40 వేలు. విమానాశ్రయం లేదు. సైన్యాన్ని 1868లోనే రద్దు చేసుకున్నారు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా జ్యూరిక్‌లో ఉన్నందున, సెప్టెంబరు చివరలో నేనూ నా శ్రీమతీ అక్కడికి వెళ్ళి, ఒక రోజును ఈ దేశానికి కేటాయించాము. ఉదయం రైలులో గంటసేపు సరస్సుల ఒడ్డున ప్రయాణించి సార్గన్స్‌లో దిగి, అక్కడి నుండి బస్సులో రాజధాని వాదూజ్ చేరుకున్నాము. సరిహద్దులో మమ్మల్ని ఆపి అడిగినవారు లేరు. చెల్లుబాటయ్యేది స్విస్ ఫ్రాంకే. పాస్‌పోర్టుపై ముద్ర కావాలంటే పర్యాటక కార్యాలయంలో రుసుము చెల్లించి వేయించుకోవాలి. మేము వేయించుకోలేదు.

వాదూజ్ ఒక పెద్ద గ్రామం వంటిది. కొండమీద రాజుగారి కోట, క్రింద ద్రాక్షతోటలు. కోటలో రాజకుటుంబం నివసిస్తున్నందున సందర్శకులకు ప్రవేశం లేదు. సముద్రతీరం చేరడానికి కనీసం రెండు దేశాలు దాటవలసిన దేశాలు లోకంలో రెండే ఉన్నాయి: ఒకటి ఇది, మరొకటి ఇమామ్ బుఖారీ (రహ్మలై) జన్మించిన ఉజ్బెకిస్తాన్. ఈ మాట చెప్పగానే నా శ్రీమతికి ఆ ఊరు కొంచెం దగ్గరైనట్లు అనిపించిందట.

భోజనం విషయంలో ముందుజాగ్రత్త మంచిది. జున్నుతో చేసే వంటకాలు అక్కడ ప్రసిద్ధమే గాని, జున్ను తయారీకి పశువుల జీర్ణాశయం నుండి తీసిన పదార్థాన్ని వాడే ఆచారముంది గనుక మేము ఇంటినుండి తెచ్చుకున్న రొట్టెలతోనే సరిపెట్టుకున్నాము.

దేశ జనాభాలో ముస్లిములు సుమారు 6 శాతం. టర్కీ, బోస్నియా, కొసోవో ప్రాంతాల నుండి పనికోసం వచ్చి స్థిరపడినవారూ, వారి సంతానమూ అధికం. రాజ్యాంగం కేథలిక్ చర్చిని దేశపు చర్చిగా పేర్కొంటుంది. వాదూజ్ వీధులలో మినారు కోసం చూస్తే కనిపించేవి చర్చి శిఖరాలే. రైన్ నదిపై 1901 నాటి చెక్కవంతెన దగ్గర, గట్టు మీది పచ్చికపై జాయె నమాజ్ పరచుకుని జుహర్ చేశాము. ప్రయాణికులం గనుక రెండే రకాతులు. జీవితమంతా పడమరకు తిరిగి నిలిచిన మాకు అక్కడ ఖిబ్లా ఆగ్నేయాన ఉంది. తక్బీర్ చెప్పేముందు ఇద్దరమూ మరొకసారి దిక్సూచిని చూసుకున్నాము.

అటుపై బస్సులో ఫెల్డ్‌కిర్ఖ్, అక్కడి నుండి స్థానిక రైలులో ఆల్టాఖ్ అనే ఊరు. నిజానికి ఆ రోజు మేము చూడదలచినది దీనినే. ఊరి చివర ఒక ముస్లిం ఖబరస్తాన్ ఉంది.

1964లో ఆస్ట్రియా, టర్కీల మధ్య ఒప్పందం కుదిరిన తరువాత తుర్కు కార్మికులు ఈ ఫోరార్ల్‌బెర్గ్ రాష్ట్రపు నేతమిల్లులకు వచ్చారు. కొన్నాళ్ళు పనిచేసి తిరిగి వెళదామనుకున్నవారు ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లలను చదివించుకున్నారు. కాని మరణిస్తే? శవపేటికను విమానంలో స్వదేశానికి పంపించడమే ఆనవాయితీ. జనాజాను ఆలస్యం చేయవద్దని మన ధర్మం చెబుతుంది. కాగితాలు, విమానాలు ఆలస్యమే చేస్తాయి. గల్ఫ్‌లో మరణించినవారి భౌతికకాయం కోసం వాకిట రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మన జిల్లాలలోనూ ఎన్నో.

ఆస్ట్రియా 1912లోనే ఇస్లాంను చట్టబద్ధంగా గుర్తించింది. ఆ తరువాత సరిగ్గా నూరేళ్ళకు, 2012లో, ఆల్టాఖ్ ఖబరస్తాన్ ప్రారంభమైంది. బెర్నార్డో బాడర్ అనే స్థానిక వాస్తుశిల్పి రూపొందించిన ఈ నిర్మాణానికి 2013లో ఆగా ఖాన్ వాస్తు పురస్కారం లభించింది. గోడలు ఎర్రమట్టి ఛాయగల కాంక్రీటు. ఖబరులన్నీ ఖిబ్లా దిశకు అనుగుణంగా వరుసలు తీరి ఉన్నాయి. గుసుల్‌కు వేరే గది, జనాజా నమాజుకు మరొక గది. నమాజు గదిలోని ఖిబ్లా గోడను అలంకరించినది బోస్నియాలో జన్మించిన అజ్రా అక్షమియా అనే కళాకారిణి: సన్నని లోహపు వలపై చిన్న చిన్న కొయ్యపలకలతో కూఫీ లిపిలో అల్లాహ్, ముహమ్మద్ (స) నామాలు. వెలుతురు మారినప్పుడల్లా ఆ అక్షరాలు కనిపిస్తూ, మరుగవుతూ ఉంటాయి. దానికంటే నన్ను ఎక్కువసేపు నిలిపినవి పిల్లల చిన్న ఖబరులు. తాతల ఊరు టర్కీలో ఉన్నా, ఈ పిల్లల ఊరు ఇదే.

ఖబరస్తాన్ వాసులకు సలాం చెప్పి, దుఆ చేసి, అస్ర్ నమాజు ఆ గదిలోనే ముగించుకున్నాము. బయటికి వస్తుండగా నా శ్రీమతి అడిగింది:

“ఏమండీ, మనవాడు ఇక్కడే ఉండిపోతే?”

నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. స్టేషన్ చేరేదాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ఫెల్డ్‌కిర్ఖ్ నుండి జ్యూరిక్ వైపు పోయే వేగవంతమైన రైలు దొరికింది. లీచ్టెన్‌స్టెయిన్ స్టేషన్లు కిటికీలోంచి ఒక్కొక్కటిగా వెనుకకు జరిగిపోయాయి. ఏ ఒక్క చోటా రైలు ఆగలేదు. రైన్ వంతెన మీద ఉండగా సూర్యుడు స్విస్ కొండల వెనుకకు వాలాడు. ఆమె సంచిలోంచి ఖర్జూరాల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, అబ్బాయికి ఫోన్ కలిపింది.

“మగ్రిబ్ చేశావా నాయనా?” అని అడుగుతోంది.