చెరువుకట్ట - స్త్రీల కర్తవ్యము

హైదరాబాదునకు తూర్పున నున్న సరూర్‌నగరు చెరువు 1626లో, కుతుబ్‌షాహీల కాలమున నిర్మింపబడినదని చెప్పుదురు. నాడది పొలములకు నీరిచ్చినది. ఆ పొలములు నేడు ఇండ్లైనవి. 2003-04లో నగరాభివృద్ధి సంస్థ దీనిని బాగుచేయింపగా విహారస్థలమైనది. సాయంకాలము బిడ్డలతో నచటికి పోవు మేము, కట్టయనిన నొక బాటయేయని తలచుచున్నాము. కాని నీటి నాపుచున్నది ఆ కట్టయే. దాని దిగువను వేలకొలది కుటుంబములు నిదురించుచున్నవి.

మట్టికట్టకు పరమశత్రువు దానిపైనుండి పొరలు నీరు. అది మట్టిని కోసివేసి గండి పెట్టును. అందులకే పూర్వులు కట్టకంటె తక్కువ యెత్తున అలుగు నిర్మించిరి. తెలంగాణమున దీనినే మత్తడి యందురు. మిగులునీరు మత్తడి దుమికి, నాలా పట్టి, తుదకు మూసీని చేరును. ఇచటి చెరువులు గొలుసుగా నుండుటచే పైదాని కట్ట తెగిన క్రిందిదానికి ముప్పు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు ఎగువనున్న 788 చెరువులలో 221 తెగినవి. 2020 అక్టోబరులో బాలాపూరు గుఱ్ఱంచెరువునకు గండిపడి దిగువ బస్తీలు మునిగినవి. ఆ మాసముననే సరూర్‌నగరు చెరువు దిగువను కోదండరాంనగరు మొదలగు చోట్ల ఇండ్లలోనికి నీరు వచ్చెను.

పాతకట్ట తరచుగా ముందు సూచనలు చూపియే తెగును. వెలుపలి వాలున నూరు నీరు తేటగా నున్నను కనిపెట్టి యుండవలెను; బురదరంగు దాల్చెనా, లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని యెఱుగవలెను. కట్ట క్రుంగుట, పగుళ్లు, రాళ్లు జారుట, చెట్ల వేళ్లు, పందికొక్కుల బొరియలు - ఇవియు నట్టి సూచనలే. తూము తలుపును వర్షాకాలమునకు ముందే యెత్తి దించి చూడవలెను. మత్తడి ముందరి చెత్తను తీయింపవలెను. పూర్వము ఊరి నీరటికాడు కట్టను కనిపెట్టి యుండెడివాడు. నేడీ భారము అధికారులది. అయినను దినదినము కట్టను చూచువారము మనము. వింత యేదైన కనబడిన నీటిపారుదల శాఖకును నగరపాలక సంస్థకును వెంటనే తెలిపి, వ్రాతమూలకముగా గూడ నొక విన్నప మీయవలెను.

ఆషాఢమున కట్టమైసమ్మకు బోనమెత్తు చేతితో చెత్తసంచిని నాలాలో విసరుట తగునా? ఆ సంచియే రేపు మత్తడికి అడ్డుపడును. వెళ్లుటకు దారిలేని నీరు కట్టమీదికే వచ్చును. కావున ఈ యేటి తొలివానకు ముందే ఇరుగుపొరుగు స్త్రీలతో గూడి, మన వీధి నాలాను చూచి వత్తము.