జీతం అడిగేటప్పుడు చూడవలసిన అంకె

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థలు నియామక సమయంలో చెప్పే వార్షిక మొత్తాన్ని సీటీసీ అంటారు. అంటే ఒక ఉద్యోగిపై సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఇందులో మూలవేతనం, భత్యాలే కాక, సాధారణంగా మూలవేతనంలో 12 శాతంగా ఉండే యజమాని భవిష్యనిధి వాటా, పనితీరును బట్టి మారే వేరియబుల్ పే, కొన్నిచోట్ల గ్రాట్యుటీ కూడా కలిసి ఉంటాయి కనుక, ఆ అంకెను 12తో భాగిస్తే వచ్చేది నెలనెలా చేతికందే జీతం కాదు. అందువల్ల అభ్యర్థి పాత జీతంపై ఇంత శాతం పెంపు అని అడగడం కంటే, అదే పనికి మార్కెట్లో ఉన్న వేతనాన్నీ తన నైపుణ్యాన్నీ ఆధారంగా చూపి, స్థిరవేతనం ఎంతో విడిగా తేల్చుకోవడం మేలు. ఆఫర్ లెటర్‌పై సంతకం చేయకముందే మర్యాదగా అడగడం అత్యాశ కాదు, శ్రమకు తగిన విలువ కోరే హక్కు. కుదిరిన ప్రతి అంశాన్నీ రాతపూర్వకంగా తీసుకోవాలి.