చీరాల–పేరాల ఉద్యమం: సమ్మతి ఉపసంహరణ

రాజ్యం సైతం వ్యక్తుల స్వచ్ఛంద సమ్మతిపైనే నిలవాలని, పన్నును బలవంతంగా రాబట్టరాదని ఆబెరన్ హెర్బర్ట్ 19వ శతాబ్ది చివర ఇంగ్లండులో ప్రతిపాదించాడు. తెలుగునాట ఈ భావనకు దగ్గరగా వచ్చిన ఘట్టం చీరాల–పేరాల ఉద్యమం. మద్రాసు ప్రభుత్వం ఈ గ్రామాలను మునిసిపాలిటీగా మార్చగా పన్నుల భారం పలు రెట్లు పెరిగింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన సుమారు 13 వేలమంది ఇళ్లు విడిచి, మునిసిపల్ పొలిమేర దాటి, రామనగర్ పాకలలో నెలల తరబడి నివసించారు. పన్ను ఎగవేయడం వేరు. పన్ను వర్తించే పరిధినుండే వైదొలగడం వేరు. ఇక్కడ జరిగింది రెండవది. అయితే హెర్బర్ట్ కోరినది ఒక్కొక్క వ్యక్తి సమ్మతిని. ఊరంతా కదిలినప్పుడు, కదలడానికి ఇష్టపడనివారి సమ్మతికి ఎంత చోటు మిగిలింది? సిద్ధాంతాన్ని ఈ ఉద్యమానికి అన్వయించడంలోని చిక్కు ఇదే. దుగ్గిరాల కారాగారం పాలయ్యాక రామనగర్ ఎంతోకాలం నిలవలేదు. ప్రజలు మళ్లీ తమ ఇళ్లకు చేరుకున్నారు.