మీ ఇంట్లోని ఢిల్లీ ఫోటో ఏ ఏడాదిది?

మా పెదనాన్న జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చూసొచ్చినందుకు గుర్తుగా ఇంట్లో రెండే ఫోటోలు మిగిలాయి. అరచేతిలో ఇమిడే నలుపు తెలుపు చదరపు ఫోటోలు. ఒకదాంట్లో కుతుబ్ మినార్ పక్కనున్న ఇనుప స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాపి నవ్వుతున్నాడు. రెండోదాంట్లో ఇండియా గేట్ ముందు పంచెకట్టుతో నిటారుగా నిలబడ్డాడు. వెనక తేదీ రాయలేదు. అడుగుదామంటే ఆయన లేడు. ఏ ఏడాది వెళ్లాడన్నది ఇంట్లో ఎన్నో సంక్రాంతులకు తెగని వాదం. చివరికి ఆ వాదాన్ని తీర్చింది మనుషులు కాదు, ఫోటోలో ఉన్న కట్టడాలే.

ఖాళీ మంటపం

ఇండియా గేట్ ఎత్తు 42 మీటర్లు. 1921లో పునాదిరాయి పడింది, 1931 ఫిబ్రవరి 12న ప్రారంభమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, మూడో అఫ్గాన్ యుద్ధంలోనూ ప్రాణాలు విడిచిన 13 వేల మందికి పైగా సైనికుల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. రాష్ట్రపతి భవన్ వైపు నిలబడి చూస్తే కమాను సందులోంచి అవతల 73 అడుగుల గొడుగు మంటపం ఒకటి కనిపిస్తుంది. ఫోటో వయసు చెప్పేది ఈ మంటపమే.

మొదట్లో అందులో అయిదో జార్జి చక్రవర్తి విగ్రహం ఉండేది. 1968లో దాన్ని తీసేశారు. ఇప్పుడది నగరానికి ఉత్తరాన కొరొనేషన్ పార్కులో ఉంది. ఆ తర్వాత 54 ఏళ్లపాటు మంటపం ఖాళీగానే ఉండిపోయింది. దేశ రాజధాని నడిబొడ్డున అంతకాలం ఏ విగ్రహమూ లేకుండా నిలిచిన పీఠం మరొకటి నేనెరుగను.

రెండో ఆనవాలు కమాను కింద ఉంటుంది. 1971 యుద్ధం ముగిశాక, 1972 జనవరి 26న అక్కడ అమర్ జవాన్ జ్యోతి వెలిగింది. నల్లరాతి దిమ్మె మీద తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీద సైనికుడి టోపీ. అర్ధశతాబ్దం అక్కడే వెలిగిన ఆ జ్యోతిని 2022 జనవరి 21న పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు.

పెదనాన్న ఫోటోలో మంటపం ఖాళీ. కమాను కింద దిమ్మె లేదు. అంటే 1968 తర్వాత, 1972 జనవరికి ముందు. నాలుగేళ్ల సందులో దొరికిపోయాడు.

ఖమ్మం రాయి

ఆ మంటపం ఇప్పుడు ఖాళీ కాదు. 2022 సెప్టెంబర్ 8న అందులో నేతాజీ సుభాష్ చంద్రబోస్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. 28 అడుగుల ఎత్తు, 65 టన్నుల బరువు, అంతా ఒకే రాయి. ఆ రాయి మన ఖమ్మం నుంచి వెళ్లిన నల్ల గ్రానైటు. బయల్దేరినప్పుడు దాని బరువు 280 టన్నులు. 100 అడుగుల పొడవు, 140 చక్రాలు ఉన్న లారీని ప్రత్యేకంగా తయారుచేయించి 1,665 కిలోమీటర్లు నడిపించారు. శిల్పి అరుణ్ యోగిరాజ్ బృందం 26 వేల పనిగంటలు చెక్కితే రాయి విగ్రహమైంది. ఢిల్లీలో ఆ విగ్రహం ముందు ఫోటో దిగే తెలుగువాళ్లు, వెనకున్నది మన నేల లోంచి తవ్విన రాయని ఒక్కసారి తలుచుకోవాలి.

వీపు ఆనించిన స్తంభం

ఇక మొదటి ఫోటో. ఇనుప స్తంభం ఎత్తు 7.2 మీటర్లు, బరువు 6 టన్నులకు పైనే. గుప్తుల కాలం నాటిది. 1,600 ఏళ్లు ఎండకూ వానకూ నిలిచినా తుప్పు తినేయలేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ కావడంతో పైన పలుచని రక్షణ పొర ఏర్పడిందని శాస్త్రవేత్తలు తేల్చారు. స్తంభానికి వీపు ఆనించి చేతులు వెనక్కి కలిపితే అదృష్టం కలిసొస్తుందని ఒక నమ్మకం. వచ్చినవాళ్లందరూ అలా కౌగిలించుకోవడంతో కింది భాగం అరిగి నున్నగా మెరిసేది. 1997లో చుట్టూ కంచె కట్టేశారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ స్తంభాన్ని పట్టుకుని దిగిన ఫోటో ఉంటే అది అంతకుముందుదన్నమాటే.

కుతుబ్ మినార్ ఎత్తు 72.5 మీటర్లు, లోపల 379 మెట్లు. ఇటుక మినార్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనదన్న పేరు దీనిది. పునాది దగ్గర వ్యాసం 14.3 మీటర్లు, కొసన 2.7 మీటర్లే. అసలే పైకి సన్నబడే కట్టడం. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే ఇంకా సన్నగా, వెనక్కి వాలుతున్నట్టు పడుతుంది. వీలైనంత దూరం జరిగి తీయడమే దారి. ఒకప్పుడు సందర్శకులు లోపలి మెట్లెక్కి బాల్కనీలోంచి చేతులూపేవాళ్లు. 1981 డిసెంబర్ 4న లోపల దీపాలు ఆరిపోయి తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. ఆ రోజు నుంచి తలుపు మూతపడింది. బాల్కనీలో మనుషులు కనిపించే ఫోటో ఏదైనా ఆ విషాదానికి ముందుదే.

పక్కనే అలావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టిన అలాయి మినార్ ఉంది. కుతుబ్ కన్నా రెండింతలు కట్టాలనుకున్నాడు. దాదాపు 25 మీటర్ల దగ్గర ఆగిపోయింది. దాన్ని ఫోటో తీసేవాళ్లు తక్కువ. ఆ మొండి రాళ్లగుట్టను తీయకుండా రావడం అన్యాయం.

దగ్గరికెళ్తే మాయమయ్యే భవనం

రాష్ట్రపతి భవన్‌లో 340 గదులు. అంత పెద్ద భవనం ఇండియా గేట్ దగ్గర్నుంచి చూస్తే గుమ్మటంతో సహా కనిపిస్తుంది. దగ్గరగా తీద్దామని విజయ్ చౌక్ దాకా నడవండి, భవనం నేలలోకి కుంగినట్టు మాయమవుతుంది. రైసినా గుట్ట ఎక్కే రోడ్డు వాలు నిటారుగా ఉండటమే కారణం. భవనాన్ని గీసిన లుటియెన్స్, పక్క సచివాలయాలు గీసిన బేకర్ ఈ వాలు దగ్గరే తగవుపడ్డారు. వాలు తగ్గించాలని లుటియెన్స్ ఏళ్ల తరబడి పోరాడినా పని కాలేదు. కాబట్టి దగ్గరికి పరిగెత్తకండి, దూరం నుంచే తీయండి.

ఎర్రకోట ఫోటో తీయకపోయినా పర్వాలేదు. 500 రూపాయల నోటు వెనక చూడండి, అదే.

కెమెరాకే ప్రవేశం లేని చోటు అక్షర్‌ధామ్. ఫోన్లు కూడా బయటే పెట్టి వెళ్లాలి. పురావస్తు శాఖ కట్టడాల్లో మాత్రం కొన్ని చోట్లు మినహా ఫోటోలు తీసుకోవచ్చని 2018లో ఆదేశాలొచ్చాయి. స్టాండ్ వాడాలంటే మాత్రం అనుమతి కావాలి.

చేయి తిరిగినవాళ్లు

ఎర్రకోటపై 1947 ఆగస్టు 16న ఎగిరిన జెండాను కెమెరాలో బంధించినవారిలో హోమై వ్యారావాలా ఒకరు. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ ఆమె. చీర కట్టుకుని సైకిలు మీద ఢిల్లీ అంతా తిరిగారు. పుట్టింది 1913లో, భర్త పరిచయమైంది 13వ ఏట, కారు నంబరు డి.ఎల్.డి. 13. అందుకే ఫోటోల కింద ‘డాల్డా 13’ అని పెట్టుకున్నారు. 98 ఏళ్లు బతికారు.

హైదరాబాద్ ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1903 ఢిల్లీ దర్బారునూ తీశారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోనే, ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నూరేళ్లు దాటినా అవి నిలిచాయంటే దాచినవాళ్ల చలవే.

మీ ఇంట్లోనూ ట్రంకుపెట్టె అడుగునో, పాత ఆల్బమ్‌లోనో ఒక ఢిల్లీ ఫోటో ఉండే ఉంటుంది. తీసి చూడండి. మంటపం, కమాను కింద జ్యోతి, స్తంభం చుట్టూ కంచె, ఈ మూడూ గమనించండి. తెలిసిన ఏడాదిని పెన్సిలుతో వెనక రాయండి. ఖాళీ మంటపం ఉన్న ఫోటో అయితే మరింత భద్రంగా దాచండి, అలాంటిది ఇక ఎవరూ తీయలేరు.