టికెట్‌ మీద టైమ్‌.. సరిగ్గా చదవండి!

సిద్దిపేట నుంచి దుబాయ్‌కి.. మీ తొలి ఉద్యోగం. విమానం 15వ తేదీ తెల్లవారుజామున 2.30కి. ‘15న కదా, ఆ రోజు సాయంత్రం బయల్దేరదాం’ అనుకున్నారా? మీరు శంషాబాద్‌ చేరేసరికి విమానం పోయి చాలా గంటలవుతుంది. టికెట్‌ డబ్బులతో పాటు జాయినింగ్‌ తేదీ కూడా చేజారుతుంది. అందుకే దూరం, సమయం లెక్కలు ముందే తెలిసి ఉండాలి.

ఇంటి నుంచే లెక్క

అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే 14వ తేదీ రాత్రి 11.30కల్లా. సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌ జేబీఎస్‌ సుమారు 100 కి.మీ. శంషాబాద్‌ ఏమో సిటీకి ఆ చివర. ట్రాఫిక్‌ కూడా కలుపుకొంటే 14న సాయంత్రం 6.30కే బస్సెక్కడం మేలు.

రెండున్నర కాదు.. నాలుగు గంటలు

టికెట్‌ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కి, దుబాయ్‌లో 12.30కి దిగితే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. దుబాయ్‌ గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఈ రెండు నగరాల మధ్య దూరం దాదాపు 2,550 కి.మీ.

అదే షికాగో అయితే 13 వేల కి.మీ. పైనే. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాద్‌ నుంచి అక్కడికి నాన్‌స్టాప్‌ విమానం మొదలుపెట్టింది. గాల్లోనే 16 గంటలకు పైగా! మ్యాప్‌లో చూస్తే పడమరకు వెళ్లాలనిపిస్తుంది. కానీ భూమి గుండ్రం కదా, దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి సమీపంగా సాగుతుంది. మధ్యలో విమానం మారితే వేచి ఉండే సమయం అదనం. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండో టికెట్‌ నష్టం మీదే.

ఇంటర్వ్యూకూ ఇదే సూత్రం

షికాగో కంపెనీ ‘ఉదయం 10కి ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ’ అంటే మనకు చలికాలంలో రాత్రి 9.30, వేసవిలో 8.30. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబర్‌ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. మెయిల్‌కు జవాబిచ్చేటప్పుడే ‘భారత కాలమానం ప్రకారం ఇన్ని గంటలకు’ అని రాసి ఖరారు చేసుకోండి.

పోటీ పరీక్షల్లోనూ..

భూమి 15 డిగ్రీలు తిరగడానికి గంట, ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. మన ప్రామాణిక రేఖాంశం 82.5 డిగ్రీల తూర్పు. 82.5ని 4తో గుణిస్తే 330 నిమిషాలు.. అంటే గ్రీనిచ్‌ కంటే మనం ఐదున్నర గంటలు ముందు. ఈ ఒక్క లెక్క పట్టుబడితే జాగ్రఫీ బిట్‌ మీదే, రేపు విమానం కూడా మిస్‌ కారు.