ఇంటి రిఫ్రిజిరేటరు – ఆహార రక్షణము

మంచుతో చేపను కాపాడుట కొల్లేటి ప్రాంతపు రైతులకు క్రొత్త సంగతి కాదు. కైకలూరు, ఆకివీడుల నుండి శీలావతి, బొచ్చె చేపలు మంచుముక్కల నడుమ లారీలలో కోల్‌కతా వరకును పోవుచున్నవి. చెడిన చేపపై ఎంత మంచు పోసినను అది తిరిగి మంచిది కాదని ఇచ్చట పిల్లవాడును ఎఱుగును. అయినను ముదినేపల్లి పరిసర గ్రామములలో రిఫ్రిజిరేటరు గల యిండ్ల యందు ఈ సంగతినే పెక్కుమంది మఱచుచున్నారు. చలి క్రిములను చంపదు. వాని వృద్ధిని మందగింపజేయును, అంతియే.

అన్నము సంగతి చూడుడు. బియ్యమునందుండు బాసిల్లస్ సీరియస్ అను క్రిమియొక్క బీజములు ఉడికినను చావవు. వండిన యన్నము గోరువెచ్చగా నిలువయున్నచో అవి మేల్కొని, పెరిగి, విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కావున పగలంతయు వంటింట నుండి రాత్రి లోపల పెట్టిన యన్నము, తెల్లవారి చల్లగా నున్నదని పిల్లలకు పెట్టరాదు. వండిన పదార్థమును రెండు గంటలలోపల, మన వేసవిలో నయినచో గంటలోపలనే, లోనికి చేర్చవలెను. పెద్ద తపేలాను అట్లే పెట్టినచో నడిమి భాగము చాలసేపు చల్లారదు. చిన్న గిన్నెలలోనికి తీసి మూతలు పెట్టవలెను.

లోపలి ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెంటీగ్రేడునకు మించరాదు. గడ్డకట్టించు అరలో సున్నకు దిగువ 18 డిగ్రీలుండవలెను. చిన్న థర్మామీటరు కొని లోపల నుంచుట మంచి ఖర్చు. తలుపు తెఱచినప్పుడెల్ల తలుపు అరలే ముందుగా వేడెక్కును గనుక పాలు అచ్చట పెట్టరాదు. పచ్చిచేప, రొయ్య, మాంసము మూతగల పాత్రలో అడుగు అరలో నుంచవలెను. పైన పెట్టినచో వాని నీరు క్రింది పెరుగులోనో కూరలోనో పడును. పచ్చిచేపను ఒకటి రెండు దినములలో వండుకొనవలెను. లిస్టీరియా యను క్రిమి చలిలోను పెరుగును. గర్భిణులకు అది మిక్కిలి ప్రమాదకరము. వండిన కూరను వారము దినములు దాచు అలవాటు అందువలన మానదగినది. చెరువు మందులు, పశువుల టీకాలు ఆహారముతో కలిపి పెట్టుట ఎంతమాత్రము తగదు.

కరెంటు పోయినప్పుడు తలుపు తెఱువకున్నచో నాలుగు గంటల వరకు చలి నిలుచును. నిండుగా నున్న గడ్డకట్టించు అర రెండు దినములు, సగము నిండినది ఒక దినము నిలుచును. తుపానునాడు అంతకు మించి కరెంటు లేకున్నచో పాలు, చేప, వండిన కూరలు పాఱవేయవలెను. వాసన చూచి నిర్ణయింపరాదు, రోగక్రిములకు వాసన యుండనక్కరలేదు. ఊరగాయకు, నేతికి భయము లేదు.

తలుపు చుట్టునుండు రబ్బరు మడతలను వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో తుడువవలెను. వెనుకనుండు నీటి పళ్లెమును చాలమంది చూడనే చూడరు. డెంగీ దోమ గ్రుడ్లు పెట్టు చోట్లలో అదియు నొకటి. దానిని వారమున కొకసారి వంచి, రుద్ది, ఆరబెట్టవలెను.